నాలుగో గీత

ఆ మిషను లారీ మీంచి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఎనిమిదిమంది పట్టారు. కింద గుండ్రటి దుంగలు వేసి దొర్లించారు. ఒక తాడు తెగింది. పెద్ద రంపం మీద చెక్కలు కోసే మనిషి తన కాలి బొటనవేలు నలిగిపోయిందని వీధి చివరిదాకా వినపడేలా కేకపెట్టాడు. తీరా చెప్పు విప్పి చూస్తే గోరు కూడా కందలేదు. షెడ్డులో అందరూ ఆ మనిషికి పెట్టిన పేరు కూడా రంపమే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోస్తూనే ఉంటాడు, చెక్కల్నీ, చెవుల్నీ.

"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. సరే. కానీ ఈ ఏనుగు చచ్చి ఎన్నేళ్ళయిందో ముందు అది చెప్పండి," అన్నాడు రంపం, టార్పాలిను మీద పేరుకున్న దుమ్మును వేలితో గీకి.

అందరూ నవ్వారు. ఫిట్టరు నవ్వలేదు. నవ్వడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా. ముప్పై ఏళ్ళుగా మిషన్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేసిన మనిషి. సాయంత్రమయ్యేసరికి నడుము తనది కాదనిపిస్తుంది, మోకాళ్ళు ఎవరివో అప్పు తెచ్చుకున్నట్టుంటాయి. ఇప్పుడు ఈ ముసలి మిషను ఒకటి వచ్చి నెత్తిన పడింది. గరుకు పలకల్ని నున్నగా చిత్రిక పట్టే మిషను. పొడుగాటి ఇనప బల్ల, బల్ల మధ్యలో తిరిగే డ్రమ్ము, డ్రమ్ముకి నాలుగు బ్లేడ్లు. ఎక్కడో మూతపడ్డ ఫ్యాక్టరీ సామాను అమ్ముతుంటే ఓనరమ్మ ఎవర్నీ అడక్కుండా కొనేసింది.

అతను టార్పాలిను కట్లు కోసి ఒక పక్కకి లాగాడు. బల్లని పైకీ కిందకీ జరిపే చక్రం కనిపించింది. చక్రానికి ఉండాల్సిన పిడి లేదు. దాని బదులు ఒక బోల్టు వెల్డింగు చేసి, బోల్టుకి పాత ఉలి పిడి తొడిగి ఉంది. ఆ ఉలి పిడి అరిగి నున్నగా అయి ఉంది. ఫిట్టరు టార్పాలిను అంచు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పాలిష్ పట్టే మూల నుంచి ఒక గొంతు వినిపించింది. "చక్రానికి ఉలి పిడి ఉందా?"

"ఉంది బావా."

"అయితే అదే," అన్నాడు బావ. లేచి రాలేదు. ఒళ్ళో ఉన్న కుర్చీ కాలికి గరుకు కాగితం రుద్దుతూనే ఉన్నాడు.

ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు ఆ ఉలి పిడి తొడిగింది ఫిట్టరే. ఆ మిషను మీద పలకలు తోసింది అతని అక్క భర్త, ఈ బావే. పదకొండేళ్ళ కిందట బావ కుడిచేతి చూపుడువేలునీ మధ్యవేలునీ మొదలంటా తీసుకుపోయింది కూడా ఈ మిషనే. ఫ్యాక్టరీవాళ్ళు విచారణ పెట్టి, 'పనివాడు ఆదమరిచి చెయ్యి పెట్టినందువల్ల' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ కాగితం ఏమైందో తెలియదు గానీ మాట మాత్రం మిగిలింది. బావ పేరు ఆదమరుపు అయిపోయింది. ఆ పేరు అతనికంటే ముందే ఈ షెడ్డుకి వచ్చి కూర్చుంది.

ఓనరమ్మ ముడిలో పెన్సిలు గుచ్చుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చింది. మిషను చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఏమయ్యా ఫిట్టరూ, లేస్తుందా ఇది?"

"లేపుదామమ్మా."

"శనివారానికి లేవాలి. బడి బల్లల పని ఒప్పుకున్నాను. మూడొందల పలకలు చేత్తో చిత్రిక పట్టుకుంటూ కూర్చుంటే పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు." పెన్సిలు తీసి బల్ల మీద ఊరికే కొట్టింది. "ఇంకో మాట. ఆదమరుపుని దీని దరిదాపులకి రానివ్వకు. ఈ షెడ్డులో ఎవరి చెయ్యీ పోవడం నేను చూడలేను."

ఆవిడ గొంతు తగ్గించలేదు. అలాగని కసిగానూ అనలేదు. తడినేల మీద జాగ్రత్త అన్నట్టుగా అంది, అంతే. మూలలో గరుకు కాగితం చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

*

ఫిట్టరు ఉండేది అక్కా వాళ్ళ మేడ మీద గదిలో. పొద్దున్నే ముగ్గురూ కలిసే బయల్దేరతారు. అక్క బట్టలు కుట్టే చోట ఆగిపోతుంది, వీళ్ళిద్దరూ షెడ్డుకి పోతారు. పదకొండేళ్ళుగా ఆ బయల్దేరడం ఒక తంతు.

బావ ముందు స్టవ్వు చూసి వస్తాడు. కుళాయి చూసి వస్తాడు. తలుపేసి, తాళం వేసి, తాళాన్ని పట్టుకుని ఒకసారి లాగుతాడు, రెండోసారి లాగుతాడు, మూడోసారి లాగుతాడు. ఎడంచేత్తో లాగుతాడు. నలుగురూ నడిచే సందులో అలా తాళంతో కుస్తీ పట్టే మొగుణ్ణి చూస్తూ అక్క సంచీ భుజం మార్చుకుంటుంది.

బుధవారం పొద్దున కూడా మూడుసార్లు లాగాడు. సందు మలుపు దాకా వచ్చారు. అక్కడ ఆగాడు.

"పో, పోయి చూసి రా," అంది అక్క. "లేకపోతే పగలంతా నీకు కుదురుండదు, నాకు పనుండదు."

బావ వెనక్కి నడిచాడు. దూరం నుంచి తాళం గలగల వినిపించింది.

"నిన్న రాత్రి లేచి రెండుసార్లు చూశాడురా తమ్ముడూ," అంది అక్క, విసుగూ జాలీ కలిసిపోయిన గొంతుతో. "ఒక్కసారి ఆదమరిచినందుకు ఎన్నిసార్లు జాగ్రత్తపడాలో ఈ మనిషి! ఆ రోజు అందులో వందో వంతు జాగ్రత్త ఉండుంటేనా..."

ఈ మాట ఫిట్టరు వినడం వెయ్యోసారి. మొదట్లో అవునక్కా అనేవాడు. తర్వాత్తర్వాత తలూపేవాడు. ఇప్పుడు అదీ మానేశాడు.

షెడ్డులో అతను మిషను ముందు గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. మొదటి పని కడగడం. తుప్పు, పాత గ్రీజు, చెక్క పొట్టు, బంక, అన్నీ కలిసి రాయిలా గట్టిపడ్డాయి. కిరోసిన్ పోసి నానబెట్టి, ఇనప బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పోశాడు. బల్ల మీద తుప్పు పైపైనే ఉంది, ఇనుము గట్టిది. బేరింగులు రెండూ గరగరమంటున్నాయి, మార్చాలి. బెల్టు చేత్తో వంచితే పగిలింది. చేతికి కాపుగా ఉండే రేకు మూత ఎక్కడో ఊడిపోయింది, కొత్తది చెయ్యాలి. ఇవన్నీ తెలిసిన రోగాలే. ఫ్యాక్టరీలో ఆ ప్రమాదం తర్వాత ఈ మిషను అచ్చిరాదని టార్పాలిను కప్పి మూల పడేశారని తెచ్చిన లారీవాడు చెప్పాడు. అంటే అప్పటినుంచి దీన్ని ఎవరూ విప్పలేదు. పని కాస్త తేలికే అనుకున్నాడు ఫిట్టరు.

మధ్యాహ్నం డ్రమ్ము దగ్గరికొచ్చాడు. ఒక్కో బ్లేడుని అయిదు బోల్టులు నొక్కి పట్టి ఉంచుతాయి. బిగించడం రెండు విడతలు. ముందు అయిదింటినీ తేలిగ్గా, బ్లేడు కదలకుండా ఆగేంత. తర్వాత మధ్య బోల్టుతో మొదలెట్టి చివర్లకి పోతూ ఒంటి బలమంతా పెట్టి గట్టిగా. గట్టిగా బిగించడం పూర్తయ్యాక బోల్టుల మీంచి డ్రమ్ము మీదికి నీలిరంగు పెయింటుతో ఒక గీత. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది, కంటికి తెలుస్తుంది. ఇది అతనికి ఎవరూ నేర్పలేదు. తనే పెట్టుకున్న పద్ధతి. 'గీత పడితే నా మాట పడ్డట్టే' అని ఆ రోజుల్లో మీసం దువ్వేవాడు కూడా.

డ్రమ్ముని చేత్తో తిప్పాడు. మొదటి బ్లేడు పైకొచ్చింది. మసకబారినా నీలిగీత ఉంది. గుడ్డతో తుడిస్తే ఇంకా బాగా కనిపించింది. అతనికి ఎందుకో కాస్త గర్వంగా కూడా అనిపించింది. రెండోది తిప్పాడు, గీత ఉంది. మూడోది, ఉంది. నాలుగోది పైకొచ్చింది.

తుడిచాడు. కిరోసిన్ వేసి తుడిచాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, వంగి, వేలిగోరుతో ఒక్కో బోల్టు తలమీదా గీకి చూశాడు.

గీత లేదు.

గీత చెరిగిపోయి ఉండొచ్చు. చెరిగిపోతే అయిదింటి మీదా ఆనవాలు లేకుండా చెరిగిపోతుందా? స్పానరు తీసి ముందు మూడో బ్లేడు బోల్టుకి పెట్టి లాగాడు. రాయిలా ఉంది. పైపు తొడిగి లాగినా కదల్లేదు. అదే స్పానరు నాలుగో బ్లేడు మధ్య బోల్టుకి పెట్టాడు. మణికట్టుతో తిప్పాడు. కిర్రుమని తిరిగింది. పక్కది తిరిగింది. దాని పక్కదీ తిరిగింది. ఉక్కు స్కేలు నిలబెట్టి చూస్తే ఆ బ్లేడు ఒక చివర మిగతావాటికంటే గోరుమందం పైకి లేచి ఉంది. బోల్టు వదులైతే డ్రమ్ము వేగానికి బ్లేడు పైకి పాకుతుంది. పైకి లేచిన బ్లేడు పలకని కొరుకుతుంది. కొరికిన పలక వెనక్కి తంతుంది. పలక మీదున్న చెయ్యి పలక లేని చోట పడుతుంది.

ఫిట్టరు గోనెసంచి మీద చతికిలబడ్డాడు. పెద్ద రంపం అరుస్తూనే ఉంది. ఆ అరుపులోనే అతనికి అంతా గుర్తొచ్చింది. ఆ రోజు నాలుగో బ్లేడు మొదటి విడత బిగించాడు. అవతల ఇంకో రంపం ఇరుక్కుపోయిందని ఫోర్‌మాన్ కేకలు పెడితే స్పానరు పట్టుకుని పరిగెత్తాడు. ఆ గోలలో మాటలు వినపడవు, అంతా సైగలే. అరచెయ్యి అడ్డంగా ఊపితే 'ఆగు' అని, పిడికిలి పైకెత్తితే 'అయింది' అని. బావ ఈ చివర్నుంచి చూపుతో అడిగాడు. తను రంపం కిందనుంచే పిడికిలెత్తాడు. బ్లేడు బిగించినవాడే మొదటి పలక తోసి చూపించాలన్నది అక్కడి కట్టుబాటు. ఆలస్యమవుతోందని ఫోర్‌మాన్ తొందరపెడితే బావే తోశాడు.

విచారణలో బావ ఒకటే అన్నాడు: "అడిగాను, పిడికిలెత్తాడు." తనూ ఒకటే అన్నాడు: "పనైంది కాబట్టే ఎత్తాను. నాలుగు గీతలూ గీశాను." అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజమనే చెప్పాడు, నిజమనే నమ్మాడు. డ్రమ్ము తిప్పి గీతలు లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. అతనికీ తోచలేదు. తన చేతిపనిని తనే మళ్ళీ ఎవరు చూసుకుంటారు?

గుడ్డ తీసి డ్రమ్ము మీద కప్పేశాడు.

*

గురువారం అతను మిషనంతా బాగుచేశాడు, డ్రమ్ము జోలికి మాత్రం పోలేదు. బెల్టు కొత్తది వేశాడు. కొత్త బేరింగులు తెచ్చి గ్రీజు డబ్బా పక్కన పెట్టుకున్నాడు గానీ, వాటికోసం డ్రమ్ము ఊడదీయాల్సిన పని మాత్రం వాయిదా వేశాడు. బల్ల తుప్పు గీకి, నూనె రాసి, కొత్త రేకు కత్తిరించి చేతికి కాపు మూత చేశాడు. ఆ మూత అంచుల్ని అవసరమైనదానికంటే ఎక్కువసేపు ఆకురాయితో రాశాడు.

ఓనరమ్మ వచ్చి డ్రమ్ము మీది గుడ్డ చూసింది. "ఏమిటయ్యా, దానికి చలేస్తోందా? బ్లేడ్లు తీసి సానకి పంపొద్దూ?"

"పంపుతానమ్మా. మధ్యాహ్నం."

"మధ్యాహ్నం అంటూ అంటూ శనివారం వచ్చేస్తుంది." ఆవిడ వెళ్ళిపోయింది.

ఎంత తేలికైన పనో! అయిదు బోల్టులు విప్పితే అయిపోతుంది. విప్పాక అన్ని బోల్టులూ ఒకటే, ఏది వదులుగా ఉందో ఏది గట్టిగా ఉందో దేవుడు కూడా చెప్పలేడు. లేదా ఇంకా తేలిక, ఒక చుక్క నీలిరంగు. బావ ఎలాగూ అలవాటు పడిపోయాడు. వేళ్ళెలాగూ తిరిగిరావు. ఇప్పుడు చెబితే పోయేది ఫిట్టరు పేరు. ముప్పై ఏళ్ళ పేరు. గీత పడితే మాట పడ్డట్టే అన్న పేరు. ఆ పేరు తప్ప అతనికి ఇంకేముంది గనక? పెళ్ళా, పిల్లలా, ఇల్లా? మింగలేడు, కక్కలేడు. నీలిరంగు డబ్బా మూత తీశాడు, బ్రష్షు ముంచాడు, అంచుకి ఒత్తి ఎక్కువ రంగు కారకుండా చూసుకున్నాడు. చెయ్యి వణకలేదు. అదే అతనికి భయం పుట్టించింది.

"సన్న కాగితం అడిగావుట," అన్నాడు బావ వెనకనుంచి.

ఓనరమ్మ చెప్పినట్టే బావ మిషనుకి నాలుగడుగుల దూరంలో ఆగాడు. అక్కడ గీసిన గీత ఏమీ లేదు, అయినా ఉన్నట్టే ఆగాడు. గరుకు కాగితాల కట్టని మూడు వేళ్ళతో చాపాడు. ఒక్కొక్క కాగితం అంచు అంచుకి కలిపి, తాడు కట్టి, ముడి మీద ఇంకో ముడి వేసి ఉంది. ఆదమరుపు కట్టిన కట్ట అది.

ఫిట్టరు బ్రష్షు డబ్బాలో పడేశాడు.

"ఇలా రా బావా."

"ఆవిడ చూస్తే ఊరుకోదు."

"చూడనీ. రా." గుడ్డ లాగేశాడు. స్పానరు బావ ఎడంచేతిలో పెట్టాడు. "ఆ మధ్య బోల్టు తిప్పు."

"బిగించాలా, విప్పాలా?"

"తిప్పు, చాలు."

బావ తిప్పాడు. కిర్రుమంది. ఎంత బలం పెట్టాలో అనుకున్న చెయ్యి సగంలోనే తేలిపోయింది. బావ స్పానరుని చూశాడు, బోల్టుని చూశాడు. పక్క బోల్టు తిప్పాడు. తర్వాత స్పానరు బల్ల మీద పెట్టి, మూడువేళ్ళ చేత్తోనే డ్రమ్ము తిప్పాడు. ఒక గీత వచ్చింది. ఇంకో గీత. ఇంకోటి. మళ్ళీ అదే చోటు. మళ్ళీ తిప్పాడు. మూడుసార్లు తిప్పి లెక్కపెట్టాడు, పొద్దున తాళం లాగినట్టే.

"ఇది నువ్వు ఇప్పుడు వదులు చేసింది కాదుగా?"

"కాదు. నిన్న విప్పి చూసేదాకా నాకూ తెలీదు. ఒట్టు బావా. ఆ రోజు నాలుగోది పూర్తిచెయ్యకుండానే రంపం దగ్గరికి పరిగెత్తాను. పిడికిలెత్తాను. తప్పు నీది కాదు. నాది."

బావ నాలుగో బ్లేడు బోల్టు తలని బొటనవేలితో తడిమాడు. రంపం అవతల ఎవరితోనో పరాచికాలాడుతూ పడీపడీ నవ్వుతున్నాడు.

"నిన్న చూశావా?"

"నిన్న మధ్యాహ్నం."

"ఇవాళ చెప్తున్నావు." బావ చూపు రంగు డబ్బా మీద పడింది, అందులో మునిగిన బ్రష్షు మీద పడింది. ఫిట్టరు తల దించుకున్నాడు.

"చేసిన పాపం చెబితే పోతుందంటారు బావా, నన్ను—"

"చెబితే పోయేది నీ పాపం. నా వేళ్ళు కావు." బావ గొంతు పెరగలేదు. "వేళ్ళ సంగతి వదిలెయ్. అవి పోయిన సంగతే ఎప్పుడో మర్చిపోయాను. నేను... నన్ను నేనే నమ్మడం మానేశానురా. స్టవ్వు కట్టేశానని నా కళ్ళతో చూసి, వెనక్కి తిరగ్గానే నమ్మను. పదకొండేళ్ళు! ఆ రోజు సరిగ్గానే చూసుకున్నానని నాకు లోపల అనిపించేది. అనిపించినప్పుడల్లా నా నోరు నేనే నొక్కుకున్నాను. వీడు చెప్పాడుగా, నాలుగూ గీశానని... నా బామ్మర్ది అబద్ధం చెప్పడుగా, అని."

స్పానరుని తీసి పెట్టెలో దాని చోట్లో పెట్టాడు. గరుకు కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. వెళ్ళి తన మూలలో కూర్చున్నాడు. ఆ సాయంత్రం మూలలోంచి గరుకు కాగితం చప్పుడు రాలేదు.

*

శుక్రవారం టీ వేళకి అందరూ మిషను దగ్గరికి చేరారు, ఏనుగు లేచిందా లేదా చూడ్డానికి. ఓనరమ్మ కూడా గ్లాసు పట్టుకుని వచ్చింది. ఫిట్టరు రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. డ్రమ్ము తిప్పి, గీతలు చూపించి, బోల్టు వేళ్ళతోనే తిప్పి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఆదమరిచింది నేను. ఈయన కాదు," అన్నాడు చివర్న.

ఎవరూ టీ తాగలేదు. రంపం కూడా నోరు మూసుకున్నాడు. అది ఆ షెడ్డులో మొదటిసారి.

"ఇప్పుడెందుకు చెప్పావయ్యా?" అంది ఓనరమ్మ ఆఖరికి. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదుగా. ఇప్పుడు నిన్ను తీసేస్తే ఈ మిషనుని లేపేవాడు లేడు. ఉంచితే నువ్వు బిగించిన బ్లేడు మీద చెయ్యి పెట్టేవాడు లేడు. నన్నేం చెయ్యమంటావ్?"

"మీ ఇష్టమమ్మా."

"నా ఇష్టానికేం, బాగానే ఉంది," అని ఆవిడ ముడిలోంచి పెన్సిలు తీసి మళ్ళీ గుచ్చుకుంది. మూల వైపు చూసి, పిలవబోయి ఆగింది. ఏమని పిలవాలి? పదకొండేళ్ళుగా ఒకటే పేరు. అసలు పేరుతో అక్కడ ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. రంపం సాయం చెయ్యబోయి, "ఒరే ఆద—" అని సగంలో నాలుక కరుచుకున్నాడు.

బావ తనే లేచి వచ్చాడు. నాలుగడుగుల దూరంలో ఆగలేదు. మిషను దాకా వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించాడు, మూడువేళ్ళ చెయ్యి.

"బోల్టులు వాణ్ణే బిగించనివ్వండి. వాడి చెయ్యి మంచిదే," అన్నాడు ఓనరమ్మతో, బామ్మర్ది వైపు చూడకుండా. "చూసేది నేను. గీత గీసేది నేను. నా గీత పడకుండా స్విచ్చి మీద చెయ్యి పెట్టడానికి వీల్లేదు. మీరైనా సరే."

ఓనరమ్మ గ్లాసులో చల్లారిపోయిన టీ చూసింది. "సరే," అంది. "మొన్న నేనన్నమాట... విన్నావు కదా?"

"విన్నాను."

"ఇక అనను," అని గబగబా వెళ్ళిపోయింది. ఆవిడ క్షమాపణ అంతే.

ఆ సాయంత్రం అక్క మెట్లెక్కి తమ్ముడి గది గుమ్మంలో నిలబడింది. మొగుడు చెప్పినట్టున్నాడు. తిట్టడానికే వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, నోరు తెరిచింది, మళ్ళీ తుడుచుకుంది.

"తిట్టక్కా," అన్నాడు ఫిట్టరు.

"నిన్ను తిట్టడానికి నాకేం హక్కుంది? నువ్వు ఒక్క రోజు మర్చిపోయావు. నేను? పాలు పొంగితే ఆదమరుపు. గొడుగు మర్చిపోతే ఆదమరుపు. పిల్ల చిన్నప్పుడు జ్వరమొస్తే మందు ఆయన చేత పోయించలేదురా, ఎక్కువ పోస్తాడని." గుమ్మం మీద కూలబడి ఏడ్చింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, అక్క తన పిడికెడు చూసి తనే దడుచుకుంది.

ఫిట్టరు ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఓదార్చలేదు. ఓదార్చే మొహం తనకెక్కడుంది?

*

శనివారం సాన పట్టిన బ్లేడ్లు వచ్చాయి. కొత్త బేరింగులు వేసిన డ్రమ్ము చేత్తో తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది. ఫిట్టరు బ్లేడ్లు ఒక్కోటీ కూర్చి, స్కేలు పెట్టి సరిచూసి, మొదటి విడత బిగించి, రెండో విడత మధ్యనుంచి చివర్లకి బిగించాడు. ప్రతి బ్లేడుకీ ఆగి, పక్కకి జరిగాడు.

బావ స్పానరు ఎడంచేత్తో పట్టుకుని వచ్చాడు. ఒక్కో బోల్టుకీ పెట్టి లాగాడు. మూడుసార్లు లాగాడు. ఇరవై బోల్టులు, మూడేసి సార్లు. గంట పట్టింది. ఇంకో రోజైతే రంపం ఈపాటికి పదిమందిని నవ్వించి ఉండేవాడు. ఇవాళ కుంచె తుడిచి, రంగు డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాడు. రెండో బ్లేడు మూడో బోల్టు దగ్గర బావ చెయ్యి ఆగింది.

"ఇది ఇంకొంచెం పడుతుంది."

ఫిట్టరు వంగి లాగాడు. నిజమే, వెంట్రుకవాసి పట్టింది. తను బిగించాననే అనుకున్నాడు. బిగించి, జరిగాడు.

బావ బ్రష్షుని బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించుకుని గీత గీశాడు. వంకరగా వచ్చింది. తుడిచి మళ్ళీ గీశాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో బ్లేడు పైకొచ్చినప్పుడు మాత్రం బోల్టుల్ని ఇంకోసారి, అంటే నాలుగోసారి లాగి చూశాడు. అప్పుడు నాలుగో గీత గీశాడు. అది సూటిగా వచ్చింది.

మూత వేశారు. బావ స్విచ్చి దగ్గర నిలబడ్డాడు. ఫిట్టరు పలక తీసుకుని బల్ల ముందు నిలబడ్డాడు. బిగించినవాడే మొదటి పలక తొయ్యాలి. పదకొండేళ్ళు ఆలస్యమైనా సరే. డ్రమ్ము హోరెత్తింది. ఆ హోరులో అతను తలెత్తి బావని చూపుతో అడిగాడు.

బావ వెంటనే ఎత్తలేదు. ఎత్తకపోతే అనే ఆలోచన ఫిట్టరుకి వచ్చింది. ఎత్తితే అనే ఆలోచనా వచ్చింది. అప్పుడు బావ కుడిచెయ్యి పైకి లేపి, ఉన్న మూడువేళ్ళూ ముడిచి పిడికిలి చేశాడు.

ఫిట్టరు తోశాడు. పలక ఈ చివర గరుకుగా పోయి ఆ చివర నున్నగా వచ్చింది. పొట్టు మోకాళ్ళ దాకా ఎగిరింది. అందరూ చేతులు పెట్టి నిమిరి చూశారు. "అబ్బ, చంటిపిల్ల బుగ్గలాగుంది మేస్త్రీ!" అన్నాడు రంపం, బావతో. ఆ కొత్త పిలుపుకి బావ వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచారేమో అని.

ఫిట్టరుతో మాత్రం ఆ రోజు పనిమాటలు తప్ప ఒక్కటీ మాట్లాడలేదు. ఆదివారమూ మాట్లాడలేదు.

సోమవారం పొద్దున ముగ్గురూ బయల్దేరారు. అక్క సంచీ సర్దుకుని సందులో నిలబడింది. బావ తలుపేశాడు, తాళం వేశాడు, తాళంచెవి జేబులో వేసుకున్నాడు, నడవడం మొదలెట్టాడు. అక్క సంచీ భుజం మార్చుకోబోయి ఆగిపోయింది. సందు మలుపు వచ్చింది. అలవాటు కొద్దీ అక్కాతమ్ముళ్ళిద్దరూ నిలబడ్డారు. బావ నిలబడలేదు.

"ఏమండీ," అంది అక్క, "లాగి చూడలేదు."

"వేశానుగా," అన్నాడు బావ.

నాలుగడుగులు వేసి, వీళ్ళింకా రావడంలేదని వెనక్కి తిరిగాడు. "పదరా, పనికి పొద్దెక్కుతోంది," అన్నాడు ఫిట్టరుతో.